సమ్మక్క ఇంటి తనిఖీ

జనగామ బస్టాండు వెనక సందులో శ్రీపాల్ సారు కట్టించిన మేడ ఒకటుంది. కింద ఎరువుల దుకాణం, పైన అమెరికా. మెట్లెక్కి అద్దాల తలుపు తోస్తే నలభై కంప్యూటర్లు, వాటి ముందు నలభై మంది పిల్లలు. అమెరికాలో ఎవరికో మోకాలి చిప్ప మారిస్తే ఆ దవాఖాన బిల్లు ఇక్కడికి వచ్చేది. ఏ జబ్బుకు ఏ నంబరు వెయ్యాలి, ఏ మందు బీమా కిందికి వస్తుంది, డాక్టరు ఎక్కడ తప్పు రాశాడు, ఇవన్నీ చూసి సరిచేసి గడువులోగా తిప్పి పంపాలి. పత్తి చేల మధ్య పెరిగిన పిల్లలు ఆ పనిని ఎంత శుభ్రంగా చేసేవారంటే, ఏడాదికోసారి ఆ కంపెనీవాళ్లు మెచ్చుకుని కేకు తెప్పించుకోమనేవారు. కేకు మాత్రం శ్రీపాల్ సారే కోసేవాడు.

ఆ నలభై మందిలో టీమ్ లీడరు శాంతి. లింగాల ఘనపూర్ దాటాక వచ్చే చిన్న ఊరు ఆమెది. సారుది కూడా ఆ ఊరే. శాంతి తండ్రి పోశాలు బతికినన్నాళ్లూ సారు తండ్రి దగ్గర జీతగాడిగా ఎడ్లను కాచి, ఆ పొలం గట్టు మీదే గుండె ఆగి పోయాడు. తల్లి సమ్మక్క ఇప్పటికీ పత్తి ఏరడానికి పోతుంది. అన్న చిరంజీవి భూపాలపల్లి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలీ. శాంతి డిగ్రీ చదివి, ఇంగ్లీషు పట్టుబట్టి నేర్చుకుని, మెడలో నీలం పట్టీతో గుర్తింపు కార్డు వేసుకుని ఆరేళ్లుగా బస్సెక్కుతోంది. వాడలో అలాంటి కార్డు వేసుకున్న మొదటి మనిషి ఆమే. ఆదివారాలు ఆ కార్డు పోశాలు ఫోటో కింద మేకుకు వేలాడేది. ఇంటికి ఎవరొచ్చినా సమ్మక్క ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత ఆ కార్డు చూపించేది. చదవడం రాదు కాబట్టి దాని మీద ఏముందో తనకు తోచినట్టు చెప్పేది. ఒకరితో ఆఫీసరంది, ఇంకొకరితో మేనేజరంది. శాంతి నవ్వుకునేది గాని దిద్దేది కాదు.

ఇలా ఉండగా అమెరికా చట్టసభలో ఎవరో పెద్దమనిషి ఒక బిల్లు పెట్టాడు. తమ దేశంలో చెయ్యాల్సిన పనిని బయటి దేశాలకు పంపే కంపెనీలు, ఆ పనికి కట్టే సొమ్ములో నాలుగో వంతు పన్నుగా ప్రభుత్వానికి చెల్లించాలని దాని సారాంశం. ఆయన్ని తప్పుపట్టడానికి మనమెవరం? ఆయన ఊళ్లో ఆఫీసులు మూతబడ్డాయి, ఉద్యోగాలు పోయినవాళ్లు ఆయనకు ఓట్లేసినవాళ్లు. బిల్లు చట్టం కాలేదు, అవుతుందో లేదో ఎవరికీ తెలియదు. కాని డబ్బున్నవాడికి దెబ్బ తగలక ముందే నొప్పి మొదలవుతుంది. అక్కడి కంపెనీకి జ్వరం వచ్చింది, ఇక్కడ జనగామలో మందు మింగాల్సి వచ్చింది.

మందు కనిపెట్టినవాడు ఆ కంపెనీ వకీలు. పనికి డబ్బు కడితే పన్ను పడుతుంది సరే, దానం చేస్తే పడదు కదా అన్నాడు. పైగా దానం చేసినందుకు మినహాయింపు కూడా వస్తుందట. కాబట్టి జనగామలో ఉద్యోగులు ఉండకూడదు. పేదవాళ్లు ఉండాలి. వాళ్లకు పని నేర్పే ట్రస్టు ఒకటి ఉండాలి. కంపెనీ ఆ ట్రస్టుకు దానం చేస్తుంది, పేదవాళ్లు నేర్చుకుంటూ నేర్చుకుంటూ పొరపాటున అమెరికా బిల్లులన్నీ పూర్తి చేసేస్తారు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

శ్రీపాల్ సారు పది రోజుల్లో ట్రస్టు పుట్టించాడు. ఆయన భార్య శశికళ దానికి అధ్యక్షురాలైంది. ఒక మధ్యాహ్నం అందరినీ నిలబెట్టి సంగతి చెప్పాడు. అందరూ రాజీనామా చేసి, అదే రోజు లబ్ధిదారులుగా దరఖాస్తు పెట్టుకోవాలి. జీతాన్ని ఇకమీదట సాయం అనాలి. కుర్చీలు అవే, కంప్యూటర్లు అవే, తిట్లు అవే. పాత కార్డులు ఇచ్చేసి కొత్తవి తీసుకోవాలి. ఇష్టం లేనివాళ్లకు మెట్లు అటు పక్కన ఉన్నాయని ఎంతో మర్యాదగా చూపించాడు.

దరఖాస్తులో ఇంటి పరిస్థితి రాయాలి. సారు శాంతిని గదిలోకి పిలిచి, నమూనా ఒకటి నువ్వే రాయి, నీ ఇంగ్లీషు బాగుంటుంది, మిగతావాళ్లు చూసి రాసుకుంటారన్నాడు. శాంతి కూర్చుని రాసింది. తమ ఇంట్లో ఒక నులక మంచం తప్ప సామాను లేదని, ఒక పూటే తింటామని, తల్లి మెడలో పసుపుతాడు కూడా లేని విధవరాలని, ట్రస్టు చెయ్యి అందించకపోతే తనకు దిక్కు లేదని రాసింది. అందులో కొంత నిజం, కొంత నిజం కానిది, కాని వాక్యాలు మాత్రం చాలా బాగా వచ్చాయి. మొదటిసారి చదువుకున్నప్పుడు సిగ్గేసింది. రెండోసారి చదువుకున్నప్పుడు ఒక కామా సరిచేసింది.

మిగతా ముప్పై తొమ్మిది మందిలో ఒక్కతే రాయనన్నది. ఆమె పేరు సోమ్లీ, మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చి జనగామలో గది తీసుకుని ఉండే అమ్మాయి, శాంతి చేత్తో పని నేర్చుకున్న అమ్మాయి. కాగితం శాంతి బల్ల మీద పెట్టి నెమ్మదిగా అడిగింది.

"పని చేసి తీస్కున్నదాన్ని బిచ్చమని ఎట్ల రాస్తనక్కా?"

జవాబు లేనప్పుడు మనుషులు కోపం తెచ్చుకుంటారు, శాంతీ అదే చేసింది. నలుగురికీ లేని రోషం నీకెందుకని, నీ ఒక్కదానివల్ల అందరి కడుపు కొడతావా అని అందరి ముందూ అరిచింది. సోమ్లీ కంప్యూటరు కట్టేసి, కుర్చీ లోపలికి జరిపి, మెట్లు దిగి వెళ్లిపోయింది. తర్వాత కేసముద్రం మార్కెట్లో ఒక ధాన్యం కమీషన్ అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తోందని ఎవరో అన్నారు. శాంతి విననట్టే కంప్యూటరు వైపు తిరిగింది.

అంతటితో అయిపోతే ఈ కథ లేదు. దానం తీసుకుంటున్నవాళ్లు నిజంగా పేదవాళ్లేనా అని రేపు అమెరికా పన్ను అధికారులు అడిగితే చూపించడానికి ఫోటోలు కావాలి. అందుకని కంపెనీ లిండా అనే ఆమెను పంపింది. ఆమె ఒక్క ఇల్లు చూస్తానంది, ఏ ఇల్లో తానే ఎంచుకుంటానంది. ముప్పై తొమ్మిది దరఖాస్తులు తిరగేసింది. ముప్పై ఎనిమిది ఒకేలా ఉన్నాయి, మొదటిది మాత్రం మనసును కదిలించేలా ఉంది. అది శాంతిది.

సారు శాంతితో ముఖాముఖి చెప్పాడు. లిండా ఒప్పుకుంటేనే ట్రస్టు, ట్రస్టు ఉంటేనే పని. తేడా వస్తే నలభై మందీ ఇంటికి, అందరికంటే ముందు నువ్వు. మీ ఇల్లు నేను చూసిందే కదా, సదరాల్సిన పని కూడా లేదు, ఉన్నదున్నట్టు ఉంచితే చాలునన్నాడు. ఆ మాటను ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆ సాయంత్రం శాంతి తల్లికి సంగతంతా చెబుదామనే ఇంటికి వెళ్లింది. సమ్మక్క పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతోంది. అమెరికా నుంచి మా కంపెనీ ఆమె మన ఇంటికి వస్తోందని శాంతి మొదలుపెట్టగానే సమ్మక్క చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది. ముఖం ఎలా వెలిగిందంటే, చెప్పాల్సిన మిగతా సగాన్ని శాంతి మింగేసింది. రేపు చెబుదామనుకుంది. వారమంతా అలాగే అనుకుంది. తప్పు ఎక్కడ జరిగిందని మీరు అడిగితే, అదిగో, ఆ పొయ్యి దగ్గర జరిగింది.

ఎందుకంటే ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. ఎవరింటికైనా పిల్లను చూడ్డానికో, మరో పని మీదో కొత్తవాళ్లు వస్తుంటే వాడంతా ఆ ఒక్క ఇంట్లోకి చేరుతుంది. ఒకరి కుర్చీలు, ఒకరి గ్లాసులు, ఒకరి పరుపు, ఒకరి మెడలో గొలుసు. ఇవాళ నీ ఇంటికి వస్తారు, రేపు నా ఇంటికి వస్తారు. వచ్చినవాళ్లు ఉన్నంతసేపు ఏ వస్తువు ఎవరిదో ఎవరూ అనరు. పిల్లలు కూడా అనరు. తల్లి చనుబాలతో పాటు నేర్చుకుంటారేమో, ఆ వాడలో పుట్టి ఎవరూ ఆ మాట జారలేదు. కూతురి కంపెనీ ఆమె ఏడు సముద్రాలు దాటి వస్తుంటే సమ్మక్క ఊరుకుంటుందా?

తనిఖీ రోజు శాంతి జనగామలోనే కారెక్కి సారుతోనూ లిండాతోనూ వచ్చింది. గుమ్మం ముందు దిగి చూసింది. గోడలకు కొత్త సున్నం, కింద ఎర్రమన్ను పట్టీ. లోపల కొమురయ్య ఇంటి మెరూన్ రంగు సోఫా, పక్కనే ఆయనదే ఫ్రిజ్జు. తలుపుకు తెర. తెర పక్కన సమ్మక్క, భూపాలపల్లి నుంచి చిరంజీవి పంపిన కొత్త ఆకుపచ్చ చీరలో, మెడలో పక్కింటి కోడలు స్వప్న గొలుసుతో నిలబడి ఉంది. వెనక పెరట్లోంచి మేక కూర వాసన ఊరిని కమ్మేస్తోంది. వాడ వాడంతా గడప దగ్గర నిలబడి, అది తమ సొంత ఘనతే అన్నట్టు సంతోషంగా చూస్తోంది.

లిండా దరఖాస్తు చూసింది, ఇల్లు చూసింది, మళ్లీ దరఖాస్తు చూసింది. మంచి మనిషే, కేకలు వెయ్యలేదు. ఇది ఆ ఇల్లేనా అని మాత్రం అడిగింది. శ్రీపాల్ సారు ముఖం మాడిపోయింది. దుబాసీ పని శాంతిదే. తల్లి మాటలు లిండాకు ఇంగ్లీషులో చెప్పాలి, లిండా మాటలు తల్లికి తెలుగులో చెప్పాలి.

ఇవన్నీ అడిగి తెచ్చినవని శాంతి ఆమెతో చెప్పింది. ఇక్కడ చుట్టం వస్తే అలా తెచ్చి పెడతారని వివరించింది. లిండా తల ఊపింది. నమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు, కాని నేను ఫోటో తియ్యాలి, ఫోటోలో సోఫా ఉంటే అది ఎవరిదో పన్నువాళ్లకు తెలియదు కదా అంది. సారు గడప దగ్గరికి వచ్చి, ఎవరి సామాను వాళ్లు తీసుకుపోవాలని వాడకు చెప్పాడు.

ఒక్కరూ కదల్లేదు. కొమురయ్య తుండు భుజాన సర్దుకుని, సారు ముఖంలోకి చూడకుండా నేలకు చెప్పినట్టు అన్నాడు.

"నాది కాదు దొరా. సోఫా సమ్మక్కదే, ఫ్రిజ్జు గూడ ఆమెదే."

స్వప్న కూడా అదే మాట అంది. గొలుసు సమ్మక్క అత్తదే, ఆమె పెండ్లప్పటి నుంచి వేసుకుంటోందని ఒక అబద్ధం కూడా కలిపింది. ఆ వాడకు తెలిసిన మర్యాద అది. ఆ మర్యాదే శాంతి గొంతు మీద కూర్చుంది. వాళ్లేమంటున్నారని లిండా అడిగింది. సారు శాంతి వైపు చూసి, నలభై మంది, అని రెండే మాటలు అన్నాడు.

అప్పుడు శాంతి తల్లి దగ్గరికి వెళ్లింది. వారం రోజులుగా మింగిన సగం మాట అందరి ముందూ బయటపడింది.

"అవ్వా, మనింట్ల ఏం లేదని నేనే రాసిచ్చిన. బిచ్చమెత్తుకునేటోళ్ల లెక్క రాసిన. గట్ల లేకుంటె నా నౌకరి పోతది."

సమ్మక్క కూతురి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే శాంతి తట్టుకునేది. కోపం లేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నం ఉంది. తర్వాత చేతులు వెనక్కి పెట్టి, గొలుసు కొక్కెం తానే విప్పి, స్వప్న అరచేతిలో పెట్టింది. కొమురయ్య వైపు తిరిగి, తీస్కపోండ్రి అయ్యా, అంది.

తీసుకుపోయారు. సోఫా గుమ్మంలోంచి రాక, అడ్డంగా తిప్పాల్సి వచ్చింది. ఫ్రిజ్జులో సమ్మక్క చల్లబెట్టిన కూల్‌డ్రింకు సీసాలు దొర్లాయి. తెర విప్పారు, కుర్చీలు మోశారు, గ్లాసులు బుట్టలో వేశారు. ఒక్కో వస్తువు వెళ్తుంటే లిండా ఫోటోలు తీస్తూనే ఉంది. చుట్టం ఎదురుగా చుట్టానికి పెట్టిన కుర్చీ మోసుకుపోవడం ఆ వాడ చరిత్రలో అదే మొదలు. మోసేవాళ్లు తలలు ఎత్తలేదు. కూర వాసన ఎక్కడిదని ఆమె అడిగితే, పక్కింట్లో ఏదో పండుగ అని శాంతి చెప్పింది. అది నిజం చెయ్యడానికి కూరగిన్నె పక్కింటికి చేరింది.

ఇల్లు ఖాళీ అయింది. నులక మంచం, పోశాలు ఫోటో, దాని కింద ఖాళీ మేకు మిగిలాయి. లిండాకు తృప్తి కలిగింది, ఇక చాలునంది. సారు కూడా ఊపిరి తీసుకున్నాడు. అక్కడితో ఆగి ఉండవచ్చు.

కాని శాంతి ఆరేళ్లు తప్పులు పట్టిన మనిషి. బిల్లులో మిగిలిపోయిన ఒక్క తప్పు కూడా ఆమె కంటిని దాటిపోదు. ఖాళీ ఇంటి మధ్యలో ఆకుపచ్చ చీర మెరిసిపోతోంది. ఎవరూ అడగలేదు. సారు అడగలేదు, తెల్లామె అడగలేదు. శాంతే అంది.

"అవ్వా, చీర గూడ మార్చుకో. పత్తికి కట్టుకపోయేది కట్టుకో."

సమ్మక్క లోపలి అరలోకి పోయింది. మోకాళ్ల దగ్గర చిరిగి, పత్తికాయ ముళ్లకు దారాలు లేచిన చీర కట్టుకుని వచ్చింది. చేతిలో ఒక సత్తు పళ్లెం ఉంది. దాంట్లో పొద్దున మిగిలిన జొన్న రొట్టె, ఒక ఉల్లిగడ్డ. కూర పోయినా చుట్టాన్ని ఉత్తగా ఎలా పంపాలో ఆమెకు తెలియదు. తినమ్మా అని రెండు చేతులతో పళ్లెం అందించింది. ఏమంటోందని లిండా అడిగింది. ఇంట్లో ఈ పూటకు ఉన్నది ఇంతే అని చెబుతోందని శాంతి ఇంగ్లీషులో చెప్పింది.

లిండా కళ్లు నిండాయి. పళ్లెం పక్కన పెట్టించి, తన సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి సమ్మక్క చేతుల్లో పెట్టింది. చాచిన ఆ రెండు చేతులూ, వాటిలో పొట్లమూ, వెనక ఖాళీ గోడా, అన్నీ వచ్చేలా సారు దూరం జరిగి మరీ ఫోటో తీశాడు. ఆ ఫోటో ఎంతో బాగా వచ్చిందని తర్వాత అందరూ అన్నారు.

ట్రస్టు నిలబడింది. నలభై లోంచి సోమ్లీ పోగా ముప్పై తొమ్మిది మందికీ సాయం అందింది. శాంతి మెడలోకి లబ్ధిదారు అని రాసి ఉన్న పసుపు కార్డు వచ్చింది. ఆమె దాన్ని ఆఫీసులోనే సొరుగులో పెట్టి వచ్చేది. మేకుకు ఏమీ వేలాడలేదు, సమ్మక్క అడగనూ లేదు. ఆ ఆకుపచ్చ చీర మళ్లీ కట్టలేదు. పత్తికి పోతోంది, వస్తోంది, కూతురికి అన్నం పెడుతోంది. వాడలో ఆ తర్వాత ఒక సంబంధం వాళ్లు వస్తే కుర్చీలు అడగడానికి ఆ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ పని కొంచెం మారింది. దవాఖాన బిల్లులను ముందు ఒక యంత్రం చదివేది, అది చేసిన తప్పులను వీళ్లు దిద్దేవారు. శాంతి అందరికంటే బాగా దిద్దేది. ఏ డాక్టరు రాత ఎలా చదవాలో, ఏ రెండు జబ్బుల నంబర్లు ఒకదానికొకటి పొసగవో ఓపికగా రాసి పెట్టేది. అవన్నీ నేర్చుకున్న యంత్రానికి ఐదో నెలలో తప్పులు తగ్గిపోయాయి. యంత్రం బయటి దేశంలో లేదు, దానికి పన్ను లేదు, దాని ఇంటికి వెళ్లి ఫోటో తియ్యాల్సిన పనీ లేదు. అమెరికా సభలో ఆ పన్ను బిల్లు ఇంకా అటూ ఇటూ కాకుండా అక్కడే పడి ఉంది.

శ్రీపాల్ సారు మళ్లీ అందరినీ నిలబెట్టాడు. శిక్షణ పూర్తయిందన్నాడు. చప్పట్లు కొట్టమన్నాడు. ముందుగా చెప్పకుండా తీసేస్తారా, ఇన్నేళ్ల సర్వీసుకు రావాల్సినవి ఏమయ్యాయని వెనక వరసలోంచి ఒకరు అడిగారు. సారు కోప్పడలేదు. ఫైలు తెరిచి వాళ్ల సంతకాలు వాళ్లకే చూపించాడు. రాజీనామా మీరే చేశారు, మాకు ఉద్యోగం లేదు దిక్కు లేదు అని మీరే రాశారు, చూడండి ఎంత చక్కగా రాశారో అన్నాడు. అవి శాంతి వాక్యాలు. ముప్పై ఎనిమిది మంది ఆమె వైపు తిరిగి చూశారు. శశికళ మేడమ్ ఒక్కొక్కరికీ సర్టిఫికెట్టూ, ట్రస్టు తరఫున అచ్చువేసిన రంగుల పుస్తకమూ ఇచ్చింది. ఇంకో రాష్ట్రంలో ఇంకో కంపెనీ కోసం ఈ పుస్తకం చూపించబోతున్నామని సంతోషంగా చెప్పింది.

శాంతి మధ్యాహ్నం బస్సుకే ఇంటికి వచ్చింది. ఆ వేళకు కూతురు రావడం సమ్మక్క చూసింది. అలవాటుగా చెంబుతో నీళ్లిచ్చింది. నౌకరి పోయిందవ్వా, అని శాంతి చెప్పింది. సమ్మక్క మంచం మీద పడేసిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. అక్షరాలు రావు గాని అట్ట మీద బొమ్మ చూస్తే తెలుస్తుంది. చిరిగిన చీర, చాచిన చేతులు, బిస్కెట్ల పొట్లం. కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి, మళ్లీ ఎక్కడ ఉన్నదక్కడే పెట్టింది.

శాంతి ఏడుస్తోంది. తల్లి తిట్టాలని ఎదురుచూస్తోంది. సమ్మక్క గొంతులో తిట్టు లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. వర్షానికి ముందు కట్టెలు లోపల పెట్టుకోవడం గురించి అడిగినట్టు అడిగింది.

"ఇంకో నౌకరి చూస్కుంటవ్ గద బిడ్డా. మళ్ల ఎవలన్న చూస్తానికి వస్తె నాకు ముందుగాల్నే చెప్పు. ఇల్లు ఖాళీ చేసి పెడ్త."